పాత అడ్జస్టబుల్ పుష్‌రాడ్‌లను గుర్తించి, మళ్లీ వాడొచ్చో లేదో తేల్చుకోవడం ఎలా?

పుష్‌రాడ్ అంటే క్యామ్ కదలికను కింద ఉన్న లిఫ్టర్ (టాపెట్) నుంచి, పైన వాల్వ్‌ను నొక్కే రాకర్‌కు అందించే కడ్డీ. అడ్జస్టబుల్ అంటే దాని పొడవు మార్చుకోవచ్చు. బైక్ ఇంజిన్ పైభాగం విప్పినప్పుడో, ఎవరి దగ్గరనుంచో పాత సెట్ చేతికి వచ్చినప్పుడో అందరూ అడిగేది ఒకటే: "రాడ్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, వేసేయొచ్చా?"

చూడ్డానికి బాగుంటే సరిపోదు. పుష్‌రాడ్‌ను మళ్లీ వాడాలంటే దాని మరల (త్రెడ్‌ల) పిచ్ ఎంతో తెలియాలి, అది ఏ పరిస్థితిలో ఇంజిన్‌లోంచి బయటికొచ్చిందో కూడా తెలియాలి. ఈ రెండూ తెలియని రాడ్డు ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టాల్సిందే. రెండూ తెలిస్తే, నాలుగైదేళ్లు తిరిగిన రాడ్డునైనా ధైర్యంగా వేసుకోవచ్చు.

1. ముందుగా, సర్దుబాటు ఎక్కడుందో చూడండి

పుష్‌రాడ్ ఉన్న ప్రతి ఇంజిన్‌లోనూ సర్దుబాటు (వాల్వ్ ఆటను సరిచేసే ఏర్పాటు) రాడ్డులోనే ఉండదు. బీఎండబ్ల్యూ ఎయిర్‌హెడ్, మోటో గుజ్జీ వి-ట్విన్, పాత ట్రయంఫ్ ట్విన్‌లలో సర్దుబాటు స్క్రూ రాకర్ చివర ఉంటుంది, రాడ్డు పొడవు మారదు. హార్లీ ఐరన్‌హెడ్ స్పోర్ట్‌స్టర్‌లో స్క్రూ టాపెట్ మీద ఉంటుంది. అక్కడా రాడ్డు మామూలుదే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో సర్దుబాటు రాడ్డు కింది చివరే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు (నూనె ఒత్తిడితో ఆటను తామే సరిచేసుకునేవి) వచ్చాయి, రాడ్డులో సర్దుబాటు లేదు.

హార్లీ ఎవో, ట్విన్ క్యామ్‌ల విషయంలో జాగ్రత్త కావాలి. వీటికి కంపెనీ వేసే రాడ్లు ఒకే ముక్కగా ఉంటాయి. లాక్‌నట్ (సర్దుబాటు కదలకుండా బిగించే నట్) ఉన్న రాడ్డు కనిపించిందంటే, ఎవరో బయట కొని వేశారన్నమాట. అలాంటప్పుడు ఆ రాడ్డును ఎన్ని చుట్లు తిప్పాలో బండి సర్వీస్ మాన్యువల్ చూసి తేల్చుకోలేరు.

2. విప్పేటప్పుడే రాసుకోవాల్సినవి

పరీక్షలో సగం రాడ్డు బయటికి రాకముందే జరుగుతుంది. కడిగేశాక తిరిగి రాని ఆధారాలు కొన్ని ఉంటాయి.

దగ్గర పెట్టుకోండి:
- రాడ్ల సంఖ్యకు సరిపడా చిన్న కవర్లు, పర్మనెంట్ మార్కర్
- వెర్నియర్ కాలిపర్ (రాడ్డు పూర్తి పొడవు అందేది)
- సరిపోయే సన్నటి ఓపెన్ పానాలు, కనీసం రెండు
- భూతద్దం, టార్చ్, అయస్కాంతం
- మందపాటి సమతలపు అద్దం ముక్క
- సన్నటి వైరు, క్లీనింగ్ సాల్వెంట్, గాలి పంపు

ప్లగ్‌లు తీసి, విప్పబోయే సిలిండర్‌ను కంప్రెషన్ టీడీసీకి (కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి) తీసుకురండి. రెండు వాల్వ్‌లూ మూసి ఉండాలి, లిఫ్టర్లు రెండూ కింద ఉండాలి. వాల్వ్ స్ప్రింగ్ ఒత్తిడి రాడ్డు మీద ఉండగా లాక్‌నట్ తిప్పడం మొదలుపెడితే, బాగున్న మరలు కూడా అక్కడే చెడిపోతాయి.

లాక్‌నట్‌కు పానా పట్టించగానే ఒక్క క్షణం ఆగండి. అది బిగుతుగా ఉందా, ముందే వదులైందా? వదులైన నట్ దొరికితే ఏ రాడ్డుదో రాసుకోండి. ఆ రాడ్డు కొంతకాలం మరల మీద ఊగుతూ నడిచింది కాబట్టి దాని మరలను ఇంకాస్త కఠినంగా చూడాలి.

ప్రతి రాడ్డునూ దాని స్థానం రాసిన కవర్లో వేయండి: ముందు ఇన్‌టేక్, ముందు ఎగ్జాస్ట్, వెనక ఇన్‌టేక్, వెనక ఎగ్జాస్ట్. పై చివర ఏదో, కింది చివర ఏదో కూడా గుర్తు పెట్టండి. రాడ్డు కొన, అది కూర్చున్న గుంట కలిసి అరుగుతాయి. మళ్లీ వాడేటప్పుడు ఆ జత మారకూడదు.

3. కడగడం

సాల్వెంట్‌లో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో మరలను శుభ్రం చేయండి. పాత త్రెడ్‌లాకర్ పొడి మరల అడుగున గట్టిగా పట్టుకుని ఉంటుంది, అది పూర్తిగా పోవాలి. వైర్ బ్రష్, ఎమరీ కాగితం రాడ్డు కొనల దగ్గరికి రానివ్వకండి.

లాక్‌నట్ తీసి, అడ్జస్టర్‌ను (గొట్టంలోకి తిరిగే మరల ముక్కను) పూర్తిగా బయటికి తిప్పి, ఏ అడ్జస్టర్ ఏ గొట్టానిదో కలవకుండా పెట్టుకోండి.

4. ఇది ఏ రాడ్డు?

ముందు చెక్కిన గుర్తుల కోసం వెతకండి. గొట్టం మీద, అడ్జస్టర్ షడ్భుజం (పానా పట్టే ఆరు ముఖాల భాగం) దగ్గర లేజర్‌తో చెక్కిన అక్షరాలు టార్చ్‌ను పక్కనుంచి వేస్తే కనిపిస్తాయి. తయారీదారు పేరు దొరికితే వాళ్ల సూచనల పత్రం వెతికి పెట్టుకోండి. దొరకకపోతే రాడ్డునే అడిగి తెలుసుకోవాలి.

లోహం: గొట్టం మధ్యలో అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే స్టీలు, లేదంటే అల్యూమినియం. కొనల దగ్గర చూసి నిర్ణయించకండి, అల్యూమినియం గొట్టానికి కూడా కొనలు స్టీలువే ఉంటాయి.

రకం: పూర్తిగా కుదించినప్పుడు ఉన్న పొడవు, సురక్షితంగా పొడిగించగలిగిన పొడవు కొలిచి రాయండి. తేడా కొద్దిగా ఉంటే మామూలు అడ్జస్టబుల్ రాడ్డు. దాన్ని పెట్టాలంటే రాకర్ బాక్స్ విప్పాల్సి రావచ్చు. తేడా బాగా ఎక్కువగా ఉండి, పొడవాటి మరల భాగం కనిపిస్తే అది క్విక్ ఇన్‌స్టాల్ రకం. రాకర్ బాక్స్ కదపకుండా, పుష్‌రాడ్ కవర్ (రాడ్డును బయటనుంచి కప్పే గొట్టం) పైకి జరిపి పెట్టగలిగేది.

కొనలు: బంతి ఆకారమా, గిన్నె ఆకారమా? నూనె రంధ్రం ఉందా? బంతి వ్యాసం ఎంత? హార్లీ తరహా రాడ్లలో 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. బంతి తరచుగా కనిపిస్తుంది. బంతి సైజు కలవని రాడ్డు లిఫ్టర్ గుంటలో కూర్చున్నట్టే అనిపిస్తుంది గానీ, ఒక సన్నటి అంచు మీదే బరువంతా మోస్తుంది.

నూనె రంధ్రం సంగతి చిన్నది కాదు. ఎవో, ట్విన్ క్యామ్ లాంటి ఇంజిన్లలో రాకర్లకు నూనె పుష్‌రాడ్ లోపలినుంచే పైకి వెళ్తుంది. అలాంటి ఇంజిన్‌లో రంధ్రం లేని రాడ్డు వేస్తే పైభాగం ఎండిపోతుంది.

5. మరల పిచ్ కొలవడం: ఇది తప్పనిసరి

పిచ్ అంటే ఒక పూర్తి చుట్టుకు రాడ్డు ఎంత పొడుగవుతుందో ఆ కొలత. రాడ్లను మళ్లీ వాడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "నాలుగు చుట్లు తిప్పు" అని ఎవరో చెప్పింది విని తిప్పేస్తారు. ఆ నాలుగు చుట్లు ఏ పిచ్‌కు చెప్పినవో అడగరు.

త్రెడ్ గేజ్ ఉంటే మరల మీద పెట్టి చూడండి. లేకపోయినా ఫర్వాలేదు, ఈ పద్ధతి అంతే నమ్మకమైనది:

1. అడ్జస్టర్‌ను గొట్టంలోకి తిప్పి, షడ్భుజం ఒక ముఖం మీద, దానికి ఎదురుగా గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టండి.
2. మొత్తం పొడవు కొలవండి.
3. గీతలు మళ్లీ కలిసేలా సరిగ్గా 10 చుట్లు బయటికి తిప్పండి.
4. మళ్లీ కొలిచి, తేడా చూడండి.

పది చుట్లకు తేడా ఇలా వస్తుంది:
- 10.58 మి.మీ. వస్తే అంగుళానికి 24 మరలు
- 7.94 మి.మీ. వస్తే అంగుళానికి 32 మరలు
- 6.35 మి.మీ. వస్తే అంగుళానికి 40 మరలు
- 10.00 మి.మీ. వస్తే 1 మి.మీ. మెట్రిక్ పిచ్
- 9.77 మి.మీ. వస్తే అంగుళానికి 26 మరలు, పాత బ్రిటిష్ బళ్లలో కనిపించేది

చివరి రెండింటి మధ్య తేడా చాలా తక్కువ. 26 మరల అడ్జస్టర్‌కు 1 మి.మీ. మెట్రిక్ నట్ ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి బిగుసుకుంటుంది. పానాతో బలవంతం చేస్తే రెండూ పోతాయి.

ఇప్పుడు దీని అవసరం చూడండి. చాలా హార్లీ తరహా హైడ్రాలిక్ లిఫ్టర్లలో ప్లంజర్‌ను (రాడ్డు కూర్చునే, లోపలికి దిగే ముక్కను) 0.100 అంగుళం, అంటే 2.54 మి.మీ. లోపలికి నొక్కి సెట్ చేస్తారు. మీ లిఫ్టర్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. ఆ 0.100 అంగుళానికి కావాల్సిన చుట్లు ఇవి:

- 24 మరలు: 2.4 చుట్లు, షడ్భుజం ముఖాల లెక్కలో దాదాపు 14
- 32 మరలు: 3.2 చుట్లు, దాదాపు 19 ముఖాలు
- 40 మరలు: 4 చుట్లు, 24 ముఖాలు

40 మరల రాడ్డుకు చెప్పిన 4 చుట్లను 24 మరల రాడ్డుకు తిప్పితే 0.167 అంగుళం, అంటే 4.2 మి.మీ. నొక్కుకుపోతుంది. లిఫ్టర్ ప్లంజర్ మొత్తం ప్రయాణం 0.200 అంగుళం అనుకుంటే మిగిలేది 0.033 అంగుళమే. ప్రయాణం తక్కువున్న లిఫ్టర్ అయితే అడుగుకు తగిలి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. రాడ్డు ఎంత మంచిదైనా ఈ తప్పుకు అడ్డుపడలేదు.

ఒకే సెట్ అని మీకు ఇచ్చిన నాలుగు రాడ్లకూ విడివిడిగా కొలవండి. రెండు కంపెనీల రాడ్లు కలిసిపోయిన సెట్లు ఉంటాయి, రంగు చూసి పోల్చుకోలేరు.

6. ఒక్కో రాడ్డు పరీక్ష

కొనలు. భూతద్దంతో చూడండి. బంతి మీద నున్నగా మెరిసే వలయం కనిపిస్తే అది మామూలే. చిన్న గుంటలు, పెచ్చులు లేచిన మచ్చలు, గోటికి తగిలే మెట్టు, చదునైన భాగం, నీలం లేదా గోధుమ రంగు కనిపిస్తే రాడ్డు పక్కకి. నీలం రంగు అంటే నూనె అందక వేడెక్కిన గుర్తు. రాడ్డు ఒక్కదాన్ని మార్చి ఊరుకోకుండా నూనె దారి కూడా వెతకాలి.

అరిగిన కొనను సానబెట్టి సరిచేయాలని చూడకండి. గట్టిపరిచిన పొర పోతుంది, ఆకారమూ పోతుంది.

గొట్టంలో బిగించిన కొనలు. అల్యూమినియం గొట్టంలో స్టీలు కొన నొక్కి బిగించిన రాడ్లలో ఆ అతుకు వదులవుతుంది. కంటికి కనిపించదు. అతుకు చుట్టూ ఒక చుక్క పలచటి నూనె వేసి, గుడ్డతో కొనను పట్టుకుని మెలితిప్పుతూ అటూ ఇటూ నొక్కండి. అతుకు దగ్గర నూనె కదిలినా, బుడగ వచ్చినా కొన వదులైనట్టే. జిగురు పెట్టి, పంచ్‌తో కొట్టి బిగించే ప్రయత్నాలు వద్దు. ఇంజిన్ వేడికి అవి నిలవవు.

మరలు. శుభ్రం చేసి, ఒక చుక్క నూనె వేసి, అడ్జస్టర్‌ను చేత్తో మొదటినుంచి చివరిదాకా తిప్పండి. వేళ్లతోనే పూర్తిగా తిరగాలి. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ మర దెబ్బతింది లేదా చెత్త ఉంది. కడిగి మళ్లీ చూడండి, అప్పటికీ అదే చోట పట్టుకుంటే ఆ రాడ్డు వద్దు.

లాక్‌నట్ వదులుగా ఉండగా అడ్జస్టర్ కొద్దిగా ఊగడం సహజం, సన్నటి మరల్లో అది తక్కువ. నట్ బిగించాక ఏమాత్రం ఊగకూడదు. ఊగితే మరలు అరిగిపోయాయి.

మరల అంచులు కత్తిలా సన్నబడ్డాయా, ఒక పక్క మాత్రమే మెరుస్తున్నాయా చూడండి. లోహం చిరిగి అంటుకున్న గుర్తులుంటే ఆ రాడ్డును ఎవరో నూనె లేకుండా, ఒత్తిడి మీద తిప్పారు.

లాక్‌నట్. మూలలు గుండ్రమైతే, కూర్చునే ముఖం గీసుకుపోతే కొత్తది వేయండి. అదే పిచ్, అదే మందం దొరికితేనే. మిగతా అంతా బాగున్న రాడ్డుకు నట్ మార్చడం సరైన మరమ్మతు.

నిటారుతనం. గొట్టం అంతా ఒకే వ్యాసంలో ఉంటే అద్దం మీద దొర్లించండి. షడ్భుజం భాగం అద్దం అంచు బయట వేలాడాలి. వెనకనుంచి టార్చ్ వేసి కింద సన్నటి వెలుగు వచ్చిపోతుందేమో చూడండి. రెండు చివర్లా సన్నబడే గొట్టాలకు ఈ పద్ధతి పనిచేయదు. వాటిని రెండు వి-బ్లాక్‌ల మీద తిప్పుతూ మధ్యలో డయల్ గేజ్ పెట్టాలి. తయారీదారు పరిమితి చెప్పకపోతే, డయల్ మొత్తం కదలిక 0.10 మి.మీ. దాటిన రాడ్డును నేను వాడను. వంగిన రాడ్డును సరిచేసి వేయడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి, అది మళ్లీ అక్కడే వంగుతుంది.

నూనె దారి. వైరు దూర్చి, సాల్వెంట్ పోసి, గాలి కొట్టండి. ఇటు పోసింది అటు ధారగా రావాలి. క్విక్ ఇన్‌స్టాల్ రాడ్ల లోపలి మూలల్లో మడ్డి గట్టిపడి ఉంటుంది కాబట్టి అడ్జస్టర్‌ను, గొట్టాన్ని విడిగా కడగండి.

రుద్దుకున్న గుర్తులు. గొట్టం పక్కన నిలువుగా మెరిసే గీత ఉంటే అది కవర్‌కో, సిలిండర్ హెడ్ రంధ్రం అంచుకో తగులుతోంది. లావుపాటి రాడ్లలో, ఎక్కువ లిఫ్ట్ క్యామ్ వేసిన ఇంజిన్లలో ఇది జరుగుతుంది. పైపై మెరుపే అయితే రాడ్డు పనికొస్తుంది, కానీ ఎక్కడ తగులుతోందో వెతక్కుండా పెట్టేయకండి. గోటికి గాడి తగిలితే రాడ్డు మార్చండి.

7. కొలతలన్నీ బాగున్నా తీసేయాల్సిన రాడ్లు

వీటి మీద నాకు రెండో ఆలోచన ఉండదు:
- వాల్వ్ విరిగిన, వాల్వ్ పిస్టన్‌కు తగిలిన ఇంజిన్‌లోంచి వచ్చిన రాడ్లు
- లిఫ్టర్ రోలర్ పగిలిన చోట పనిచేసిన రాడ్డు
- ఇంజిన్ వేగం హద్దు దాటి వాల్వ్‌లు తేలిన (స్ప్రింగ్ వాటిని సమయానికి మూయలేకపోయిన) సంఘటన తర్వాత ఎవరూ పరీక్షించని సెట్
- ఎవరో వెల్డింగ్ చేసిన, పొడవు తగ్గించిన రాడ్లు
- వేర్వేరు రాడ్ల గొట్టం, అడ్జస్టర్ కలిపి తయారుచేసిన జతలు

ఒక్క దెబ్బకు లోపల మొదలైన పగులు డయల్ గేజ్‌కు కనిపించదు. రాడ్డు విరిగితే పోయేది రాడ్డు ఒక్కటే కాదు.

నాలుగింట్లో ఒకటే పోతే? అదే తయారీదారు, అదే పిచ్, అదే పొడవు రాడ్డు విడిగా దొరికితే దాన్ని కలపొచ్చు. దొరకకపోతే సెట్ మొత్తం మార్చండి.

8. మీ ఇంజిన్‌కు పొడవు సరిపోతుందా?

బేస్ సర్కిల్ (క్యామ్ ఉబ్బు లేని గుండ్రటి భాగం) తేడా ఉన్న క్యామ్ వేసినా, హెడ్ కోసినా, గాస్కెట్ మందం మారినా కావాల్సిన పొడవు మారుతుంది. పాత సెట్టింగ్‌లో సరిపోయిన రాడ్డు ఇప్పుడు పూర్తిగా కుదించినా పొడుగు కావచ్చు, లేదా చాలా దూరం బయటికి తిప్పాల్సి రావచ్చు.

తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పొడవు దాటకండి. ఆ అంకె దొరక్కపోతే నేను పాటించే నియమం ఇది: సెట్ చేశాక అడ్జస్టర్ మరలు, వాటి వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్ల పొడవు గొట్టం లోపల ఉండాలి. ఇది ముందే కొలుచుకోండి, రాడ్డు ఇంజిన్‌లోకి వెళ్లాక లోపలి మరలు కనిపించవు.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రాడ్ల పొడవులు వేరుగా ఉండే ఇంజిన్లలో రెండూ తారుమారైతే సర్దుబాటు అందక ఇబ్బంది పడతారు. అంతవరకూ వస్తే రాడ్డును తప్పుపట్టే ముందు రాడ్డు పెట్టిన చిన్న కవర్ మీద రాసిన పేరు చూసుకోండి.

9. బిగించే క్రమం

1. పుష్‌రాడ్ కవర్ల ఓ-రింగ్‌లు కొత్తవి వేయండి. రాడ్డు కొనలకు అసెంబ్లీ లూబ్, మరలకు నూనె రాయండి.
2. టాప్ గేర్‌లో వెనక చక్రం తిప్పుతూ ఒక సిలిండర్‌ను కంప్రెషన్ టీడీసీకి తెండి. వి-ట్విన్ అయితే ఒక సిలిండర్ పూర్తయ్యాకే రెండోది.
3. రాడ్డును కుదించి పెట్టండి. రెండు కొనలూ గుంటల్లో కూర్చున్నాయని టార్చ్‌తో చూడండి.
4. పైకీ కిందికీ ఊగే ఆట పోయేవరకు పొడిగించండి. రాడ్డు రెండు వేళ్ల మధ్య తేలిగ్గా తిరుగుతూనే ఉండాలి. ఇదే సున్నా స్థానం.
5. హైడ్రాలిక్ లిఫ్టర్ అయితే ఇక్కడినుంచి మీ పిచ్‌కు తగ్గ ముఖాలు లెక్కపెడుతూ పొడిగించండి. చుట్లు కాకుండా ముఖాలు లెక్కపెడితే పొరపాటు తగ్గుతుంది.
6. అడ్జస్టర్‌ను ఒక పానాతో పట్టుకుని, రెండో పానాతో లాక్‌నట్ బిగించండి. బిగించేటప్పుడు అడ్జస్టర్ కదిలితే మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టండి.
7. ఆగండి. లిఫ్టర్‌లోని నూనె కారి ప్లంజర్ దిగాలి. పది నిమిషాలు పట్టొచ్చు, అరగంట దాటొచ్చు. రెండు రాడ్లూ వేళ్లతో తిరిగేదాకా ఇంజిన్‌ను ఒక్క అంగుళం కూడా తిప్పకండి. ఈలోపు వాల్వ్ తెరిచి ఉంటుంది, తొందరపడితే పిస్టన్‌కు తగులుతుంది లేదా అంత శ్రమపడి పరీక్షించిన రాడ్డే వంగుతుంది.
8. పూర్తయ్యాక చక్రాన్ని చేత్తో నిదానంగా రెండు మూడు సైకిళ్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే ఆపి చూడండి.

కాస్ట్ ఐరన్ బుల్లెట్ లాంటి సాలిడ్ టాపెట్ ఇంజిన్లలో 5, 7 అంచెలు ఉండవు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండగా, రాడ్డు వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆట ఉండకూడదు. అక్కడితో ఆపి లాక్‌నట్ బిగించి, మళ్లీ తిప్పి చూడండి. నట్ బిగించగానే సర్దుబాటు కొద్దిగా మారడం ఈ ఇంజిన్లలో అందరికీ ఎదురయ్యేదే, ఓపికగా రెండోసారి చేయాలి.

10. స్టార్ట్ చేశాక ఏదైనా తేడాగా ఉంటే

మొదట టకటక చప్పుడు వచ్చి, నూనె ఒత్తిడి వచ్చాక తగ్గిపోతే: లిఫ్టర్లు నిండుతున్నాయి. వదిలేయండి.

ఒకే చోటనుంచి చప్పుడు ఆగకుండా వస్తే: ఆ రాడ్డు సర్దుబాటు తక్కువైంది లేదా లాక్‌నట్ వదులైంది. కవర్ జరిపి, సున్నా స్థానం నుంచి మళ్లీ చేయండి. వినికిడి మీద ఆధారపడి అర చుట్టు అదనంగా తిప్పేయకండి.

స్టార్ట్ కావడం కష్టమై, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువగా ఉంటే: రాడ్డు పొడుగైంది, వాల్వ్ మూసుకోవడం లేదు. వెంటనే ఆపండి. పిచ్ తప్పుగా లెక్కపెట్టడమే దీనికి తరచుగా కారణం, అయిదో భాగంలోని కొలత మళ్లీ తీయండి.

ఇంజిన్ వేడెక్కాక కొత్తగా గరగర శబ్దం వస్తే: రాడ్డు కవర్‌కు తగులుతుండొచ్చు. కవర్ జరిపి గొట్టం మీద కొత్త మెరుపు గీత కోసం చూడండి.

మొదటి చిన్న ప్రయాణం తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లబడనిచ్చి, ప్రతి లాక్‌నట్‌నూ ఒకసారి పానాతో తాకి చూడండి. బిగించినప్పుడే నట్, అడ్జస్టర్ రెండింటి మీదుగా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచితే, కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది.